బెంగకి ఒక్క గీత

బెంగకి ఒక్క గీత చాలని చెప్పింది నేనే. నిరుపమ మేడమ్ కాదు, కంప్యూటరు కాదు, కొండమీద ఆ ల్యాబులో తెల్ల కోట్లు వేసుకుని తిరిగే చదువుకున్నవాళ్లెవరూ కాదు. ఏడో తరగతి సగంలో వదిలేసిన గుబ్బల ఏడుకొండలు. నా చేత్తో నేనే చీటీ మీద గీత గీసి ఇచ్చాను. గీసేటప్పుడు నవ్వాను కూడా.

అంతకుముందు ఇరవై రెండేళ్లు గోదావరి లంకల్లో కోడిపందేల బరుల దగ్గర జోడీలు కుదిర్చాను. రెండు పుంజులు ఎప్పుడూ సమానంగా ఉండవు. ఒకదానికి రెక్క బలం, ఇంకోదానికి కాలు పొడవు. ఉన్నవి ఉన్నట్టు వదిలితే చిటికెలో అయిపోతుంది, చూడ్డానికొచ్చిన జనం తిడతారు. అందుకని ఎక్కువున్నదానికి ఏదో ఒకటి తగ్గించాలి. బరువు తక్కువ పుంజుని ఎండ వీపున పడేలా నిలబెట్టేవాణ్ని. ఎదుటిది కళ్లు చికిలించుకుంటుంది. దాని బరువుకి ఆ చికిలింపు వెల.

ఓ రోజు నిరుపమ మేడమ్ నోటు పుస్తకం పట్టుకుని బరి దగ్గరికొచ్చారు. మూడు జోడీలు అయ్యేదాకా నిలబడ్డారు. పుంజుల్ని ఒక్కసారి కూడా చూడలేదు, నన్నే చూశారు.

“ఎండ సరిపోతుందని ఎలా తేల్చారండీ?”

“చూస్తే తెలిసిపోద్దమ్మా.”

“నాకు తెలియట్లేదు. మాకు అలా తెలిసే మనిషి కావాలి. విశాఖపట్నం వస్తారా?”

వెళ్లాను. యాభై ఏళ్ల వయసులో, నా బుర్రకి ఒకరు మర్యాద ఇచ్చారని వెళ్లాను.

అక్కడ ఆడేది బల్లమీద ఆట. ఐదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో వీరులు. కోటలు, రాక్షసులు, గుహలు. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పోరాటంలో పైచెయ్యి కావాలంటే ‘మొగ్గు’ కొనుక్కోవాలి, దానికి సరిపడా వెల ఇవ్వాలి. వెలలన్నీ కాగితం మీదే ఉండేవి. నీ కవచం బరువెక్కింది, నీ గుర్రం కుంటిదైంది అని రాసుకునేవారు. కాగితం మీద గుర్రం కుంటిదైతే ఎవడికి నొప్పి? అందరూ మొగ్గులన్నీ కొనేసేవారు, ఆట చప్పబడిపోయేది.

మేడమ్ దగ్గర రాగి రేకు ఒకటి ఉంది. భరించలేని నొప్పితో ఉన్నవాళ్లకి ఆ నొప్పి తెలియకుండా ఒకరోజు ఆపడానికి కనిపెట్టారట. వైద్యానికి ఎవరూ తీసుకోలేదు. కాగితం మీది వెలని నిజం చెయ్యడానికి ఆటల కంపెనీ తీసుకుంది.

నా పని చేతులు చూడడం. ముక్కాలిపీట వేసుకుని బల్ల పక్కన కూర్చునేవాణ్ని.

“కోట గుమ్మం విరిగింది. లోపల్నుంచి మూడు తలల గద్ద మీమీదికి దూకింది. పైడిరాజు గారూ, మీ వంతు” అన్నారు మేడమ్ ఓసారి.

పైడిరాజు విజయనగరం వైపు మనిషి. లారీ నడపడం మానేసి ఆటగాడిగా చేరాడు. పాచిక గుప్పిట్లో ఆడించి, “తొలిదెబ్బ నాకే కావాల మేడమ్” అన్నాడు.

తొలిదెబ్బ నాలుగు గీతల మొగ్గు. పాచికలో ఎంత పడితే దానికి నాలుగు కలుస్తాయి. ఎదురుగా నాలుగు గీతల వెల చీటీ తియ్యాలి. అతను తీసిన చీటీ మీద ‘రుచి’ అని ఉంది. రేకుకి తీగతో కలిపిన పట్టీ నుదుటికి కట్టుకున్నాడు. చెయ్యి రేకు దాకా వెళ్లి ఆగింది. నేను నా ఊపిరులు లెక్కపెట్టుకున్నాను. వెంటనే పెట్టేస్తే వెల చౌక. ఐదు ఊపిరులు ఆగి చీటీ వెనక్కి పెట్టేస్తే ఎక్కువ. మూడైతే తూకం కుదిరినట్టు.

మూడో ఊపిరికి చెయ్యి పడింది. రేకు జుమ్మంది. పైడిరాజు జేబులోంచి బెల్లం జీడి ముక్క తీసి నోట్లో వేసుకుని నమిలాడు.

“సుద్ద తింటన్నట్టుంది గురువుగారూ!” అని పడీపడీ నవ్వాడు.

పాచికలో పదకొండు పడింది. నాలుగు కలిపితే పదిహేను. గద్ద చచ్చింది. లేని గద్దని చంపడానికి ఉన్న నాలుక ఇచ్చేశాడు. జనం ఇంతే. బరిలో ఇంతకంటే పిచ్చివాళ్లని చూశాను కనుక నాకు ఆశ్చర్యమేమీ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే రుచి తిరిగొచ్చేసిందని ఫోను చేశాడు. ఎలా వస్తుందని మేడమ్‌ని అడిగాను.

“పన్ను ఊడితే నాలుక ఊరికే అక్కడికే పోతుంది చూడండి. మనసూ అంతే. పోయినదాని కోసం నిద్రలో కూడా తడుముకుంటూనే ఉంటుంది. తడిమి తడిమి తెచ్చేసుకుంటుంది. అందుకే ఏది తీసినా ఒక్కరోజే.”

ఎంత బాగా చెప్పారో అనుకున్నాను. జరగబోయేదంతా ఆ మాటలోనే ఉంది. నాకు తట్టలేదు. చెప్పినావిడకీ తట్టలేదు.

రుచికి నాలుగు గీతలు, రంగులకి ఐదు, పాటకి మూడు, వాసనకి రెండు. నెలరోజుల్లో అన్నీ కుదిరాయి. ఆఖర్న మేడమ్ ఒక చీటీ ముందుకి తోశారు. ‘బెంగ’ అని ఉంది.

“ఇది కూడా వెలేనా అమ్మా? పోతే మంచిదేగా!”

“అదేంటండీ?”

“పందెం పుంజుని వారం ముందే పెట్టల దగ్గర్నుంచి తీసేసి వేరే ఇంట్లో కట్టేత్తామండి. రెండ్రోజులు మేత ముట్టదు. మూడోనాటికి మర్చిపోద్ది. అప్పుడే పోట్లాటకి పనికొత్తది. బెంగున్న పుంజు బరిలో తల తిప్పి వెనక్కి చూత్తది. అలా చూసిందా, చచ్చిందే. బెంగంటే ఒంటిమీద బరువండి. బరువు దించుకుంటే వెలేంటి?”

మేడమ్ నవ్వి రాసుకున్నారు. “అయితే ఎన్ని గీతలు?”

“ఒక్కటి. అదీ మీ మొహం చూసి.”

పుంజుల గురించి నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కాకపోతే బరిలోంచి ఇంటికొచ్చిన పుంజుతో మాకు కూరే తప్ప కాపురం పని ఉండదు. మనుషులు ఆట అయ్యాక ఇంటికెళతారన్నది నా లెక్కలోకి రాలేదు.

ఆ నెలలోనే ఆటగాళ్లలో ఒకతను మానేశాడు. ఆ కుర్చీలోకి నా కూతురు వీరవేణిని తెచ్చాను. అదీ నేనే. అల్లుడు ఓడలో వంట చేస్తాడు, ఏడాదిలో రెండు నెలలే నేలమీద ఉంటాడు. నాలుగేళ్ల మనవరాలు మోక్షితో మేం ముగ్గురం మధురవాడలో రెండు గదుల్లో ఉండేవాళ్లం. వీరవేణికి చిన్నప్పట్నుంచీ తెగువ ఎక్కువ. బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే పైడిరాజు వీరుణ్ని రెండుసార్లు కాపాడింది.

“మీ పాప పులండీ బాబూ” అన్నాడతను.

“మా నాన్న పందెం పుంజులకి పెట్టిన మేతలో మిగిలింది నాకు పెట్టేవాడులెండి” అంది వీరవేణి.

రుచి ఇచ్చి వచ్చిన రోజున పప్పులో మూడుసార్లు ఉప్పేసింది. మోక్షి ఒక్క ముద్ద తిని తూ అని ఊసేసింది.

“అమ్మా, సముద్రం వండావా?”

“నోర్ముయ్యి. తాతయ్య తింటున్నాడు కదా, చూడు.”

నిజంగానే తిన్నాను. వీరవేణి కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీధిలోంచి ఇడ్లీలు తెప్పించి తినిపించింది. మా ఇంట్లో అలాంటి నవ్వు అదే ఆఖరు.

తర్వాతి గురువారం కంపెనీ పెద్దలు ఆట చూడ్డానికొచ్చారు. పన్నెండుమంది ఆటగాళ్లు, మూడు బల్లలు. బెంగ చీటీ మొదటిసారి బయటికొచ్చింది అప్పుడే. ఒక్క గీత మొగ్గు, పాచికకి ఒక్క అంకె కలుస్తుంది. అయినా ఎవడూ వదల్లేదు.

“ఇదేటిది, ఊరకే ఇస్తన్నారు!” అని పైడిరాజు చెయ్యి పెట్టేశాడు. వీరవేణి అరఊపిరి కూడా ఆగలేదు. రేకు జుమ్మంది. అది భుజాలు విదిలించుకుని, “హమ్మయ్య, తేలిగ్గా ఉంది నాన్నా” అంది.

ఆ పూట నా కూతురు ఆడినట్టు ఎవరూ ఆడలేదు. బెంగ తర్వాత రంగులిచ్చింది, పాటిచ్చింది. దేనికీ చెయ్యి ఆగలేదు. నేను లెక్కపెట్టడం మొదలెట్టేలోపే రేకు జుమ్మనేది. గెలిచింది. కంపెనీ పెద్దలు లేచి చప్పట్లు కొట్టారు. తూకం ఎక్కడో తప్పిందని నాకు అప్పుడే అనిపించాలి. కూతురు గెలుస్తుంటే తూకం ఎవడిక్కావాలి?

మేం ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు. పక్కింటి అరుగుమీంచి పడి మోక్షి గడ్డం చీల్చుకుంది. పక్కింటావిడని ముట్టుకోనివ్వలేదట. గౌనంతా నెత్తురు. అమ్మొచ్చేదాకా అలాగే గడ్డం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. వీరవేణిని చూడగానే రెండు చేతులూ చాపి ఘొల్లుమంది.

వీరవేణి చెప్పులు విప్పింది. చేతులు కడుక్కుంది. గడ్డం పైకెత్తి చూసి, నీళ్లతో తుడిచి, దూది పెట్టి, పట్టీ అంటించింది. 

“చిన్న దెబ్బే. రెండ్రోజుల్లో మానిపోద్ది” అంది. అని బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

పిల్ల చేతులు ఇంకా చాపే ఉన్నాయి. ఏం జరిగిందో దానికి అర్థం కాలేదు. చెయ్యాల్సినవన్నీ వాళ్లమ్మ చేసింది, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. అది నావైపు చూసింది. నేను ఎత్తుకుంటే నా భుజం మీంచి పెరటి గుమ్మంవైపే చూస్తూ పడుకుంది.

రేపటికి సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. శుక్రవారం ఎర్ర చీరా పచ్చ చీరా వీరవేణికి ఒక్కలాగే కనబడ్డాయి. శనివారమూ అంతే. ఆదివారం అల్లుడి ఫోను మోగి మోగి ఆగిపోయింది.

“తియ్యవేంటే? వారానికోసారి చేత్తాడు!”

“మళ్లీ చేత్తార్లే నాన్నా. తొందరేముంది?”

పడుకునేముందు మోక్షి పాట పాడమంది. ఏనుగు పెళ్లికి చీమలు వంట చేసిన పాట. వీరవేణి సొంతంగా కట్టింది, రోజూ ఒక చరణం కలిపేది.

“నాకు రాదు” అంది వీరవేణి. మామూలుగా. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు.

“మొన్నటిదాకా వచ్చుగా?”

“ఇప్పుడు రాదు. పడుకో.”

సోమవారం నేను మేడమ్ గది తలుపు కొట్టకుండానే లోపలికెళ్లాను.

“తిరిగి రాలేదమ్మా. బెంగా రాలేదు, రంగులూ రాలేదు, పాటా రాలేదు. నాలుగు రోజులైంది.”

“తెలుసు” అన్నారావిడ. “పన్నెండుమందిదీ అంతే. మనసు తడుముకుంటేనే కదా తిరిగొచ్చేది? ఆ తడుముకోవడమే బెంగ. అది తీసేశాక మిగతావాటి కోసం వెతికేదెవరు? దానికోసం అదే ఎలా వెతుక్కుంటుంది?” కాగితం మీద ఏదో రాసుకుంటూ చెప్పారు. “చాలా చక్కటి సంగతి. మనకి ముందే తట్టాల్సింది.”

“చక్కటిదా? నా మనవరాలు నాలుగు రోజుల్నించి తల్లి కొంగు పట్టుకుని తిరుగుతోందండి. తల్లి కొంగు విడిపించుకుని పనిచేసుకుంటోంది. తిట్టదు, కొట్టదు. కొడితే బాగుణ్ననిపిస్తోంది. ఆపెయ్యండమ్మా. ఆ చీటీ తీసెయ్యండి. ఇచ్చేసినవాళ్లకి తిరిగొచ్చే దారి చూడండి.”

“ఎవరు అడిగారు?”

“ఏంటి?”

“పన్నెండుమందినీ అడిగాను ఏడుకొండలు గారూ. ఒక్కరు కూడా తిరిగి కావాలనలేదు. అందరూ బాగా నిద్రపోతున్నారు. అందరూ మళ్లీ ఆడతామంటున్నారు. ఒక్క ఫిర్యాదు రాలేదు. దేన్ని బాగుచెయ్యమంటారు?”

ఆవిడ బల్లమీద ఎప్పుడూ వాళ్లమ్మగారి ఫొటో ఒకటి ఉండేది. ఆ తల్లి పోయి ఏడాది కాలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి అటు చూసి ఆగిపోయేవారు. ఆ ఫొటో ఇప్పుడు బోర్లా పడి ఉంది, దానిమీద టీ గ్లాసు ఉంది.

“మీరు కూడానా అమ్మా?”

“శుక్రవారం పెట్టాను. పరీక్షించకుండా ఎలా?” ఆవిడ నావైపు ఎంతో స్నేహంగా చూశారు. “మీరన్నది నిజమేనండీ. బరువే.”

ఆ ల్యాబులో ఆ రేకు చేసినదాన్ని వెనక్కి తిప్పడం తెలిసిన మనిషి ఆవిడొక్కరే. ఆవిడకి ఇక తిప్పాలని లేదు.

నా చేతిలో ఉన్నది నేను చేశాను. చీటీల మీద వెల మార్చే అధికారం నాదే కదా. బెంగకి ఒక గీత కొట్టేసి పది వేశాను. తెలియనివాళ్లు కొత్తగా వస్తే అన్ని గీతలు చూసి కనీసం చెయ్యి ఆగుతుందని. వారం తిరిగేసరికి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఆటలో జనానికి అన్నిటికంటే నచ్చింది ఆ చీటీయేనట, దాన్ని మళ్లీ ఒక గీతకి దించమని. ఇంకో మాట కూడా రాశారు. ఇకనుంచి చేతులు చూసే మనిషి అవసరం లేదని. నిజమే. ఆ బల్లల దగ్గర ఆగే చెయ్యి ఒక్కటి లేదు, నేను చూడ్డానికి.

పైడిరాజు మెట్లమీద కనబడ్డాడు. వాసన, వేడి కూడా ఇచ్చేశాడట. మరుగుతున్న టీ గటగటా తాగేస్తున్నాడు. పెదవి పైన తోలు లేచిపోయి ఉంది.

“ఇంటికెళ్లవేంటయ్యా? మీ ఆవిడ నాకు ఫోన్లు చేత్తోంది.”

“ఎల్తాను గురువుగారూ. ఎల్లకూడదని ఏటీ నేదు. ఎల్లాలనీ నేదు” అన్నాడు నవ్వుతూ.

ఆ వారమే వీరవేణి పెట్టె సర్దుకుని ల్యాబు హాస్టలుకి మారిపోయింది. “ఇక్కడినుంచి రానూపోనూ రెండు గంటలు వేస్టు నాన్నా” అంది. మోక్షికి కావాల్సిన మందులు, బడి టైము, అన్నం ఎంత మెత్తగా ఉండాలో కాగితం మీద వివరంగా రాసి గోడకి అంటించింది. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి తిరగలేదు. నాకు తెలిసిన మంచి పుంజు ఏదీ తిరగదు.

మూడు వారాలు పిల్ల రోజూ సాయంత్రం ఐదింటికి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నాలుగో వారం భరించలేక కొండమీదికి తీసుకెళ్లాను. దీని ఏడుపు చూస్తే అయినా ఏదో ఒక మూల కదులుతుందేమోనని. నాకు మిగిలిన ఆశ అదొక్కటే.

వీరవేణి ఆటగదిలో ఒక్కతే చీటీలు సర్దుతోంది. మమ్మల్ని చూసి లేచింది. చిక్కలేదు, పాడవలేదు, ఇంకా నిగనిగలాడుతోంది.

“రా నాన్నా. ఏం మోక్షీ, బడికి పోతున్నావా?” అని బిస్కెట్ పొట్లం విప్పి ఇచ్చింది.

మోక్షి పరుగెత్తి కాళ్లు చుట్టేసుకుంది. వీరవేణి తల నిమిరింది. బస్సులో పక్క సీటులో పిల్లకి చేసినట్టే చేసింది. పిల్ల ఏడ్చింది, పైకి చూసింది, ఆ మొహంలో ఏదో వెతికింది. కాసేపటికి చేతులు వదిలేసింది. నాలుగేళ్ల పిల్లకి ఎంత తెలుస్తుందంటే, నాకంటే ముందే తెలిసిపోయింది.

అది బల్ల దగ్గరికెళ్లింది. రాగి రేకు చూసింది.

“అమ్మా, దీనిమీద చెయ్యి పెడితే ఏడుపు రాదా?”

“రాదు” అంది వీరవేణి.

“నేనూ పెడతాను.”

“మోక్షీ, ఇటు రా” అన్నాను.

“పెట్టనియ్ నాన్నా” అంది నా కూతురు. పట్టీ తీసి పిల్ల నుదుటికి సరిపోయేలా బిగువు తగ్గిస్తోంది. దాని మొహంలో కసి లేదు, పొగరు లేదు. మంచే చేస్తోంది. “రోజూ ఏడుత్తోందని నువ్వేగా ఫోనులో చెప్పావు? ఎందుకు దానికీ బాధ? హాయిగా ఉంటది. బడి కూడా బాగా చదువుకుంటది.”

“అది నీ కూతురే!”

“అందుకేగా చెబుతున్నాను.”

మోక్షి అప్పటికే కుర్చీ ఎక్కి, వాళ్లమ్మ వేళ్లకి నుదురు అందించింది. ఎన్నాళ్లకో అమ్మ చెయ్యి తగిలిందని కళ్లు మూసుకుంది. చెయ్యి రేకు మీదికి చాపింది. నేను నడుం పట్టుకుని లాగేశాను. పట్టీ తెగింది. అది నన్ను కరిచింది, తన్నింది, “అమ్మా! తాత వద్దు! అమ్మా!” అని కొండ దద్దరిల్లేలా అరిచింది. మెట్లు దిగుతూ వెనక్కి చూశాను. వీరవేణి తెగిన పట్టీని కిటికీ వెలుగులో పెట్టి ఎక్కడ తెగిందా అని చూసుకుంటోంది.

కొండ కింద ఆటో ఎక్కాను. పిల్ల ఒళ్లంతా బిగదీసి ఏడుస్తూనే ఉంది. ఏడవనిచ్చాను.

“ఏటయ్యా, బిడ్డ అలగ ఏడస్తంటే ఊరుకోబెట్టవేటి?” అన్నాడు ఆటో అతను.

పిల్ల జారిపోకుండా నడుం పట్టుకున్నాను.

మధురవాడ మలుపు దగ్గరికొచ్చేసరికి ఏడుపు సన్నగిల్లింది. వెక్కిళ్లు దూరం దూరంగా వస్తున్నాయి. తల నా భుజానికి ఆనించి, బయట పోయే బస్సుల్ని చూడడం మొదలుపెట్టింది. చెంపలు గాలికి ఆరిపోతున్నాయి. మూడోనాటికి పెట్టల్ని మర్చిపోయి మేత ముట్టే పుంజు గుర్తొచ్చింది.

“మోక్షీ” అన్నాను. “అమ్మ ఏదే?”

అది నా మొహంలోకి చూసింది. కింది పెదవి వంకర తిరిగింది. మళ్లీ మొదలుపెట్టింది.

ఆటో అతను బండి పక్కకి తీసి వెనక్కి తిరిగాడు. “ఊరుకున్న పిల్లని మళ్లీ ఏడిపిస్తావా? ఏం మనిసివయ్యా నువ్వు?”

“పోనియ్ బాబూ” అన్నాను.